గ్రహాంతర నాగరికతలు ఒకదాన్నొకటి కలుసుకుంటాయా? హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

అమావాస్య దగ్గరపడ్డ శనివారాల్లో మేం కొందరం టెలిస్కోపులు సర్దుకుని ఊరి బయటికి వెళ్తుంటాం. ఎక్కువగా వికారాబాద్ వైపు, అనంతగిరి దాటాక. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు వస్తారు. శనిగ్రహం వలయాలు చూసి "అబ్బ!" అన్నాక, మళ్లీ లైన్లో నిలబడేలోపు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ప్రతిసారీ చీకట్లో నిలబడి చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్నింటికి అంత అక్కర్లేదు.

సూటిగా చెప్పండి సార్, ఏలియన్స్ ఉన్నారా లేరా?

ఇందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. భూమి బయట జీవం ఉందా? ఆ జీవంలో బుద్ధి ఉన్నది, యంత్రాలు చేయగలది ఉందా? ఉంటే అలాంటి రెండు నాగరికతలు ఒకదాని సంగతి ఒకటి తెలుసుకోగలవా? మొదటిదానికి "అవును" అని తేలినా మూడోదానికి "లేదు" అనే జవాబు రావచ్చు. మార్స్ మట్టిలో రేపు ఓ సూక్ష్మజీవి దొరికినా, అది మనతో మాట్లాడదు.

ఈ పేజీ ముఖ్యంగా మూడో ప్రశ్న గురించి. ఈ రోజు వరకు భూమి బయట జీవం ఉందనడానికి రుజువైన ఆధారం ఒక్కటీ లేదు. ముందు ఆ మాట చెప్పేస్తేనే మిగతాది మాట్లాడుకోవడానికి బాగుంటుంది.

ఇంత పెద్ద విశ్వంలో మనం ఒక్కళ్లమేనా? లెక్క ప్రకారం ఉండి తీరాలి కదా?

అందరూ ముందు చెప్పేది ఈ వాదనే. మన పాలపుంతలోనే 10 వేల కోట్ల నుంచి 40 వేల కోట్ల దాకా నక్షత్రాలున్నాయి. 1995లో మేయర్, కెలోజ్ అనే ఇద్దరు స్విస్ శాస్త్రవేత్తలు సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే తొలి గ్రహాన్ని పట్టుకున్నారు, 2019లో నోబెల్ అందుకున్నారు. ఇప్పుడు అలా నిర్ధారణ అయిన గ్రహాల సంఖ్య ఆరు వేలు దాటింది. అంటే గ్రహాలకు కొదవ లేదు.

తేడా ఎక్కడొస్తుందంటే, నక్షత్రాల సంఖ్య ఎంత పెద్దదో తెలుసు కానీ, ఒక గ్రహం మీద జీవం పుట్టే అవకాశం ఎంత చిన్నదో ఎవరికీ తెలియదు. కోట్ల కోట్లను అంతకంటే చిన్న భిన్నంతో గుణిస్తే సున్నా దగ్గరికే వస్తాం. పెద్ద అంకెను చూసి మురిసిపోయి రెండో అంకెను మర్చిపోతాం.

2018లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన శాండ్‌బర్గ్, డ్రెక్స్‌లర్, ఆర్డ్ అనే ముగ్గురు ఈ అనిశ్చితిని దాచకుండా లెక్కలోకి తీసుకున్నారు. ఒక్కో దశకూ ఒకే అంకె వేసుకోకుండా, శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా చెప్పిన అంచనాల వెడల్పు మొత్తం పెట్టారు. వచ్చిన ఫలితం: పాలపుంతలో మనం ఒంటరి అయ్యే అవకాశం 53 నుంచి 99.6 శాతం మధ్య. కనిపించే విశ్వం మొత్తంలో ఒంటరి అయ్యే అవకాశం 39 నుంచి 85 శాతం మధ్య. "ఉండి తీరాలి" అనేవాళ్లకు ఈ అంకెలు చూపిస్తే కాసేపు మాట రాదు. "లేరు" అని తేల్చేసేవాళ్లకూ ఇవి అక్కరకు రావు, ఆ వెడల్పు చూశారు కదా.

డ్రేక్ సమీకరణం అని అంటుంటారు. అదేంటి?

ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ 1960లో అమెరికాలోని గ్రీన్‌బ్యాంక్‌లో 26 మీటర్ల రేడియో టెలిస్కోపును టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు నక్షత్రాల వైపు తిప్పి, ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని విన్నారు. ఏమీ వినబడలేదు. మరుసటి ఏడాది అక్కడే జరిగిన చిన్న సమావేశానికి చర్చాంశాల జాబితాగా ఆయన రాసుకున్నదే ఈ సమీకరణం.

ఏడాదికి ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయి, వాటిలో ఎన్నింటికి గ్రహాలు, వాటిలో జీవానికి అనువైనవి ఎన్ని, వాటిలో ఎన్నింటిపై జీవం, ఎన్నింటిపై బుద్ధి, వాటిలో సంకేతాలు పంపేవి ఎన్ని, చివరగా అలా పంపుతూ ఎన్నేళ్లు బతుకుతాయి. ఈ ఏడింటినీ గుణిస్తే ఇప్పుడు పాలపుంతలో మాట్లాడుతున్న నాగరికతల సంఖ్య వస్తుంది. మొదటి రెండూ ఇప్పుడు బాగానే తెలుసు, మూడోది కొంత తెలుసు. మిగతావి అంచనాలు. నా మటుకు నాకు కథంతా చివరి అంకెలోనే ఉందనిపిస్తుంది. ఎందుకో కింద చూడండి.

దూరమే కదా అసలు అడ్డంకి?

చాలామంది అలాగే అనుకుంటారు. దూరాలు నిజంగానే భయపెడతాయి. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతికి కూడా పక్క నక్షత్రం ప్రాక్సిమా సెంటారి చేరడానికి నాలుగేళ్ల పైచిలుకు పడుతుంది. కాంతి ఒక ఏడాదిలో పోయే దూరమే కాంతి సంవత్సరం. పాలపుంత ఈ కొస నుంచి ఆ కొసకు లక్ష కాంతి సంవత్సరాలు. అయినా రేడియో తరంగానికి ఓపిక ఉంది, అది పోతూనే ఉంటుంది. పంపినవాళ్లకే అంత కాలం లేకపోవచ్చు.

ఓ లెక్క వేద్దాం. కాగితం, కాలిక్యులేటర్ చాలు. పాలపుంతను లక్ష కాంతి సంవత్సరాల వెడల్పు, వెయ్యి కాంతి సంవత్సరాల మందం ఉన్న బిళ్ల అనుకోండి. పదేళ్లకో కొత్త నాగరికత రేడియో కనిపెడుతుందనుకుందాం. దీనికి ఆధారమేమీ లేదు, ఉదారంగా వేసుకున్న అంకె.

ఒక్కో నాగరికత వెయ్యేళ్లు నిలబడితే, ఏ సమయంలో చూసినా గెలాక్సీలో వంద నాగరికతలుంటాయి. వంద అంటే సందడే అనిపిస్తుంది. కానీ ఆ బిళ్లలో వందమందిని సర్దితే ఒకరికొకరికి మధ్య సగటున 9 వేల కాంతి సంవత్సరాల దూరం. వీళ్ల "నమస్తే" పక్కవాళ్లకు చేరేసరికి పంపినవాళ్లు అంతరించి 8 వేల ఏళ్లు. విన్నవాళ్లు జవాబిచ్చినా తీసుకునే దిక్కుండదు. గెలాక్సీలో ఎప్పుడూ వంద నాగరికతలు వెలుగుతూనే ఉంటాయి, ఒక్క జత కూడా మాట్లాడుకోదు.

అదే ఒక్కోటి లక్ష ఏళ్లు బతికితే? ఒకే సమయంలో 10 వేల నాగరికతలు, మధ్య దూరం 900 కాంతి సంవత్సరాలు. పోయి రావడానికి 1,800 ఏళ్లు. ఒక జీవితకాలంలో యాభై సార్లకు పైగా ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించొచ్చు.

ఈ రెంటి మధ్య గీత, అంటే కబురు పోయి రావడానికి పట్టే కాలం ఆయుష్షుతో సమానమయ్యే చోటు, ఎక్కడుందో చూస్తే సుమారు 7 వేల ఏళ్ల దగ్గర. నాగరికత సగటు ఆయుష్షు అంతకు తక్కువైతే గెలాక్సీ మూగదే, ఎక్కువైతే మాటలు మొదలవుతాయి. ఇంకో తమాషా ఏమిటంటే, పదేళ్లకొకటి బదులు వెయ్యేళ్లకొకటి పుడుతుందని మార్చి చూడండి. నాగరికతలు వంద రెట్లు అరుదైపోయాయి, కానీ ఆ గీత 7 వేల నుంచి 31 వేల ఏళ్లకు మాత్రమే జరుగుతుంది. ఎంతమంది పుడుతున్నారన్నదానికంటే పుట్టినవాళ్లు ఎంతకాలం ఉంటున్నారన్నదే ముఖ్యం.

మన సంగతి? రాత మొదలై 5 వేల ఏళ్లు, రేడియో మొదలై 130 ఏళ్లు. గీతకు మనం ఇంకా చాలా ఇవతల ఉన్నాం.

ఇందులోంచి ఇంకొకటి తేలుతుంది. మనకు ఎప్పుడైనా ఒక సంకేతం వినబడితే, అది మనలాంటి పసికూనల నుంచి వచ్చే అవకాశం తక్కువ. కొద్దికాలమే ఉండేవాళ్లు మనం వినే సమయానికి తగలరు. తగిలేది చాలాకాలంగా ఉన్నవాళ్లే.

మనతో కాకపోతే పోయె, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారేమో?

ఈ ప్రశ్న ఓ రాత్రి ఒక పదో తరగతి అమ్మాయి అడిగింది. నాకు బాగా నచ్చిన ప్రశ్న. మనమెప్పుడూ మనల్ని మధ్యలో పెట్టుకునే ఆలోచిస్తాం. పాలపుంతలో మనముండేది శివారు ప్రాంతం. ఇక్కడ నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య నాలుగైదు కాంతి సంవత్సరాలు ఖాళీ. అన్నిచోట్లా అలా లేదు.

గోళాకార నక్షత్ర గుచ్ఛాలని ఉంటాయి. లక్షల నక్షత్రాలు ఒక బంతిలా కిక్కిరిసి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ బయట చీకటి ప్రదేశంలో దక్షిణ దిక్కున, దిగంతం నుంచి పాతిక డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారి కనిపిస్తుంది. కళ్లకు మసకగా ఓ చుక్క. మా ఎనిమిదంగుళాల టెలిస్కోపులో పెడితే అంచుల్లో సన్న రవ్వలా విడిపోతుంది, మధ్యలో మాత్రం నక్షత్రాలు ఒకదానిమీదొకటి పడి తెల్లటి ముద్దలా ఉంటుంది. అందులో సుమారు కోటి నక్షత్రాలున్నాయి, దూరం 17 వేల కాంతి సంవత్సరాలు.

2016లో హార్వర్డ్-స్మిత్‌సోనియన్ సెంటర్‌కు చెందిన రోజాన్ డి స్టెఫానో, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన అలక్ రాయ్ కలిసి ఒక వాదన చేశారు. ఇలాంటి గుచ్ఛాల్లో నక్షత్రాల వయసు వెయ్యి కోట్ల ఏళ్లకు అటూఇటూ. అంటే జీవం పుట్టి, తీరిగ్గా ఎదగడానికి బోలెడు సమయం. పొరుగు నక్షత్రం మనకు ప్రాక్సిమా ఉన్నదానికంటే ఇరవై రెట్లు దగ్గరగా ఉండొచ్చు. ఒక ప్రశ్న వేస్తే జవాబు నెలల్లో వస్తుంది. పక్క నక్షత్రానికి వెళ్లి ఇంకో ఇల్లు కట్టుకోవడం కూడా సాధ్యమే, అలా కట్టుకున్నవాళ్లు ఒక గ్రహం పాడైపోయినా పూర్తిగా అంతరించరు. పైన మనం చెప్పుకున్న ఆయుష్షు సమస్య అక్కడ తనంతట తానే తగ్గిపోతుంది.

దీనికీ అభ్యంతరాలున్నాయి. ఆ నక్షత్రాలు పాతకాలంవి కాబట్టి వాటిలో ఇనుము, సిలికాన్ లాంటి బరువైన మూలకాలు తక్కువ, రాతి గ్రహాలు తయారవడానికి సరుకే తక్కువ. పక్కనుంచి పోయే నక్షత్రాల ఆకర్షణకు గ్రహాలు కక్ష్య తప్పొచ్చు. 47 టుకానే అనే గుచ్ఛంలో హబుల్ టెలిస్కోపు సుమారు 34 వేల నక్షత్రాలను గమనించి, దగ్గరగా తిరిగే పెద్ద గ్రహం ఒక్కటీ కనిపెట్టలేకపోయింది. ఎం4 అనే గుచ్ఛంలో మాత్రం ఒక గ్రహం దొరికింది. డి స్టెఫానో, రాయ్ జవాబేమిటంటే, అక్కడ మిగిలినవి చిన్న, మసక నక్షత్రాలు, వాటికి దగ్గరగా తిరిగే గ్రహాలు గట్టిగా అంటిపెట్టుకునే ఉంటాయి అని. వాదన ఇంకా తెగలేదు. "నాగరికతల మధ్య పరిచయం" అనేది విశ్వంలో ఎక్కడైనా జరుగుతోందంటే నేను పందెం కాసేది మాత్రం ఇలాంటి రద్దీ ప్రాంతాల మీదే.

మరి ఇంతకాలమైంది, ఇక్కడికి ఎవరూ ఎందుకు రాలేదు?

1950లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో మధ్యాహ్న భోజనాల దగ్గర భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ ఇదే అడిగాడు. కాంతి వేగంలో పదో వంతుతో పోయినా గెలాక్సీని అడ్డంగా దాటడానికి పది లక్షల ఏళ్లు చాలు. మధ్యమధ్యలో ఆగి స్థిరపడుతూ పోయినా కోటి ఏళ్లనుకోండి. గెలాక్సీ వయసు 1,300 కోట్ల ఏళ్లు. ఒక్కరు మొదలుపెట్టినా ఈపాటికి అంతా నిండిపోవాలి.

జవాబులు బోలెడు. ఎవరూ లేరన్నది ఒకటి. బుద్ధి దాకా వచ్చే దారిలో ఎక్కడో దాటరాని వడపోత ఉందన్నది ఇంకొకటి, దీన్ని రాబిన్ హాన్సన్ ప్రచారంలోకి తెచ్చాడు. మనల్ని దూరం నుంచి జూలో జంతువుల్లా గమనిస్తున్నారన్నది 1973లో జాన్ బాల్ చేసిన ఊహ. వినడానికి సరదాగా ఉంటుంది కానీ, అన్ని జాతులూ, అన్ని కాలాల్లోనూ, ఒక్కరూ నియమం తప్పకుండా ఉండాలి. మన ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరే నలుగురు కలిసి ఆగరు.

నాకు నచ్చిన జవాబు 2019లో వచ్చిన ఒక పరిశోధనలో ఉంది. కారోల్-నెలెన్‌బ్యాక్, ఆయన సహచరులు నక్షత్రాలు కదులుతుంటాయన్న సంగతి కలిపి లెక్కేశారు. నాగరికతలు తమ దగ్గరికి అనువైన నక్షత్రం వచ్చినప్పుడు మాత్రమే దూకితే, గెలాక్సీలో కొన్నిచోట్ల నిండుగా, కొన్నిచోట్ల లక్షల ఏళ్లపాటు ఖాళీగా ఉంటుంది. మనం ఖాళీచోట ఉన్నామేమో. లేదా కోటి ఏళ్ల కిందట ఎవరో వచ్చి పోయి ఉంటే, ఆనవాలు కూడా మిగలదు.

మన టీవీ, రేడియో వాళ్లకు వినబడుతుంటుందా?

ఈ ఊళ్లో డెక్కన్ రేడియో నిజాం హయాంలో, 1930లలోనే ఉండేది. కానీ మీడియం వేవ్ తరంగాల్లో ఎక్కువ భాగం పైనున్న అయనోస్ఫియర్ అనే వాతావరణ పొరకు తగిలి కిందికి తిరిగొస్తాయి. టీవీ తరంగాలు అలా కాదు, దాటిపోతాయి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ఆ తొలి ప్రసారాల అల ఇప్పుడు 48 కాంతి సంవత్సరాలు దాటి పోతోంది. ఏడు గ్రహాలున్న ట్రాపిస్ట్-1 నక్షత్రం 40 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది కాబట్టి మన పాత తెలుగు వార్తలు దాన్ని దాటేశాయి.

అక్కడెవరైనా ఉన్నా విని ఉండరు. టీవీ టవర్లు ఆకాశం కోసం కాదు, ఊరి కోసం ప్రసారం చేస్తాయి. అంత దూరం పోయేసరికి ఆ బలహీనమైన అల విశ్వంలోని సహజమైన గరగరలో కలిసిపోతుంది. 2025లో సోఫియా షేక్, ఆమె బృందం ప్రచురించిన లెక్క ప్రకారం మనకిప్పుడున్న స్థాయి పరికరాలే వాళ్ల దగ్గరుంటే, మన మొబైల్ టవర్ల సిగ్నల్ 4 కాంతి సంవత్సరాల వరకు అందుతుంది. అరెసిబో టెలిస్కోపు గ్రహాలను పరీక్షించడానికి వదిలిన రాడార్ కిరణాలు మాత్రం 12 వేల కాంతి సంవత్సరాల దాకా అందుతాయి. అయితే ఆ కిరణం ఓ సన్నటి గీత. సరిగ్గా ఆ గీతలో, ఆ కొద్దిసేపు ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

వాయేజర్‌లో తెలుగు ఉందంటారు, నిజమేనా?

నిజమే. 1977లో పంపిన రెండు వాయేజర్ నౌకల్లోనూ బంగారు పూత పూసిన రికార్డు ఉంది. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పే ఒక గొంతు కూడా అందులో ఉంది. ఉర్దూ కూడా ఉంది, కాబట్టి పాతబస్తీ వాళ్లకూ లోటు చేయలేదు. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా పెట్టారు.

ఎవరికైనా దొరుకుతుందా అంటే ఆశ పెట్టుకోనక్కర్లేదు. వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాదాపు అర్ధ శతాబ్దం పోయాక, కాంతి ఒక్క రోజులో పోయేంత దూరానికి చేరుకుంటోంది. సుమారు 40 వేల ఏళ్ల తర్వాత గ్లీసా 445 అనే నక్షత్రానికి 1.6 కాంతి సంవత్సరాల దూరంలోంచి పోతుంది. "దగ్గరగా" అంటే అంత.

"వావ్" సిగ్నల్ సంగతేంటి?

అది కూడా 1977లోదే, ఆగస్టు 15న. ఒహాయోలోని బిగ్ ఇయర్ టెలిస్కోపులో 72 సెకన్ల పాటు బలమైన, సన్నని రేడియో సంకేతం నమోదైంది. కొన్ని రోజుల తర్వాత ప్రింటవుట్ చూసిన జెర్రీ ఎహ్మన్ ఎర్ర పెన్నుతో పక్కన "వావ్" అని రాశాడు. ఆ టెలిస్కోపు కదలదు, భూమి తిరిగే కొద్దీ ఆకాశంలో ఒక చుక్క దాని ముందు సరిగ్గా 72 సెకన్లే ఉంటుంది. కాబట్టి సంకేతం ఆకాశంలోదే అయి ఉండొచ్చు. దానికి రెండు గ్రాహకాలుండేవి, కొద్ది నిమిషాల తేడాతో రెండింటిలోనూ కనబడాలి, ఒకదాంట్లోనే కనబడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెతికినా మళ్లీ రాలేదు. రెండోసారి రాని సంకేతాన్ని ఎవరూ ఆధారంగా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఇలాంటి వాటిలో చాలావరకు కొండను తవ్వి ఎలుకను పట్టిన వ్యవహారాలే. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపులో ఏళ్లపాటు వింత మెరుపులు నమోదయ్యాయి. 2015లో తేలిందేమిటంటే, అక్కడి సిబ్బంది మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే తలుపు తీస్తున్నారు! 2019లో అదే టెలిస్కోపుకు ప్రాక్సిమా దిక్కునుంచి ఒక సంకేతం అందింది. రెండేళ్లకు అదీ మన భూమి మీది పరికరాల గోలే అని తేల్చారు. అయితే ఇలాంటి వెతుకులాటలో ఎలుకకు బదులు ఏనుగు దొరికిన సందర్భమూ ఉంది. 1967లో జోసెలిన్ బెల్‌కు 1.33 సెకన్లకోసారి కొట్టుకునే సంకేతం దొరికితే, సరదాగా "చిన్న పచ్చ మనుషులు" అని పేరు పెట్టుకున్నారు. చివరికి అది పల్సర్ అనే కొత్తరకం నక్షత్రం.

మొన్న వికారాబాద్ దగ్గర పొలంలో దిగింది ఏలియన్ షిప్పే అన్నారు?

"మొన్న" కాదు, 2022 డిసెంబరు. మర్పల్లి మండలం మొగిలిగిద్ద దగ్గర పొలాల్లో తెల్లటి గుండ్రటి గది లాంటిది దిగింది. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా వచ్చి సెల్ఫీలు దిగారు. అది హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరింది. అంతరిక్ష పర్యాటకం కోసం ఒక స్పెయిన్ కంపెనీ మనుషులెవరూ లేకుండా చేయించిన ప్రయోగం.

ఈసీఐఎల్ ప్రాంతంలో ఉన్న ఈ బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా పనిచేస్తోంది. పలుచటి పాలిథిన్ బెలూన్లు 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. కింద మనకు చీకటి పడినా, అక్కడ ఇంకా ఎండ తగులుతుంది, అందుకే కదలని పెద్ద నక్షత్రంలా మెరుస్తాయి. అలాంటి పెట్టె మీ పొలంలో పడితే విప్పకండి, లోపల కరెంటు పరికరాలుంటాయి. పైన అతికించిన కాగితం మీద ఫోన్ నంబరుంటుంది, లేదా పోలీసులకు చెప్పండి.

వరుసగా రైలుబండిలా పోయే చుక్కలు స్టార్‌లింక్ ఉపగ్రహాలు. సాయంత్రం పడమట విపరీతంగా వెలిగేది శుక్రుడు. 2023లో నాసా నియమించిన నిపుణుల బృందం కూడా ఇలాంటి వింత వస్తువుల నివేదికల్లో గ్రహాంతర మూలానికి ఆధారమేదీ దొరకలేదని చెప్పింది.

మన హైదరాబాద్ బెలూన్‌లోనే అంతరిక్ష బ్యాక్టీరియా దొరికిందట కదా?

ఇది పుకారు కాదు, కానీ సగం కథే ప్రచారంలో ఉంది. 2005 ఏప్రిల్‌లో ఇదే కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని శుద్ధిచేసిన గొట్టాల్లో పట్టి తెచ్చింది. ఆ ప్రయోగానికి ప్రధాన పరిశోధకుడు ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్. నమూనాలను మన ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ అనే రెండు జీవశాస్త్ర పరిశోధన కేంద్రాలు విడివిడిగా పరీక్షించాయి. 2009లో ఇస్రో ప్రకటించిన ప్రకారం, భూమి మీద అప్పటిదాకా నమోదుకాని మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి. వాటికి ఇస్రో, ఆర్యభట, బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేర్లు కలిసేలా పేర్లు పెట్టారు. అతినీలలోహిత కిరణాలను తమ దగ్గరి బంధువులకంటే బాగా తట్టుకున్నాయి.

"దగ్గరి బంధువులు" అన్న మాట పట్టుకోండి. అవి భూమి మీది బ్యాక్టీరియా కుటుంబాలకు చెందినవే. కింది నుంచి పైకి పోయినవి అయి ఉండొచ్చు. బయటి నుంచి వచ్చాయని ఇది తేల్చదని ఆ ప్రకటనలోనే ఇస్రో స్పష్టంగా రాసింది. వాట్సాప్‌లో తిరిగేది ఆ వాక్యం కత్తిరించిన ముక్క.

కె2-18బి మీద జీవం దొరికిందని పేపర్లో చదివాం.

124 కాంతి సంవత్సరాల దూరంలోని గ్రహం అది. వారణాసిలో ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉన్న నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్‌లో, భూమి మీద సముద్రపు నాచు లాంటివి విడుదల చేసే ఒక వాయువు ఆనవాళ్లు దాని వాతావరణంలో ఉన్నట్టున్నాయని చెప్పింది. వాళ్లే అది తుది నిర్ధారణ స్థాయికి చేరలేదన్నారు. అవే వివరాలను వేరేవాళ్లు విశ్లేషిస్తే ఆ ఆనవాలు బలంగా కనిపించలేదు. ఆ సంగతి పేపర్లో లోపలి పేజీలో వచ్చి ఉంటుంది.

3ఐ/అట్లాస్, ఊమువామువా లాంటివి వాళ్ల నౌకలా?

కాదు. వేరే నక్షత్రాల దగ్గర్నుంచి మన సౌరకుటుంబంలోకి వచ్చి పోయేవి. 2017లో ఒకటి (ఊమువామువా), 2019లో ఒకటి, 2025లో ఒకటి (3ఐ/అట్లాస్) దొరికాయి. చివరి రెండూ తోకచుక్కలే. మొదటిది కొంచెం వింతది, అందుకే దానిమీద అన్ని కథలు.

ఇన్నేళ్లుగా వెతుకుతున్నారు కదా, ఏమీ దొరకలేదంటే లేనట్టేగా?

2018లో జేసన్ రైట్, శుభం కనోడియా, ఎమిలీ లూబర్ దీన్ని లెక్కగట్టారు. ఏ దిక్కు, ఎంత దూరం, ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత బలం, ఎప్పుడు, ఇవన్నీ కలిపి వెతకాల్సిన మొత్తాన్ని భూమి మీది సముద్రాలన్నీ అనుకుంటే, అప్పటిదాకా వెతికింది సుమారు 7,700 లీటర్లు. ఎండాకాలం మన అపార్ట్‌మెంట్లకు వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నర. ఒకటిన్నర ట్యాంకర్ల నీళ్లలో చేప కనబడలేదని సముద్రంలో చేపల్లేవని ఎవరంటారు?

సిగ్నల్ వస్తే ప్రభుత్వాలు దాచేస్తాయా?

దాచడం కష్టం. ఒక టెలిస్కోపుకు అందితే, నిర్ధారించుకోవడానికి ఇంకో దేశంలోని టెలిస్కోపును అడగాల్సిందే, ఎందుకంటే భూమి తిరుగుతూ ఉంటుంది, ఆ నక్షత్రం అస్తమిస్తుంది. 1989లో శాస్త్రవేత్తలు రాసుకున్న నియమావళి ప్రకారం ముందు నిర్ధారించాలి, తర్వాత అందరికీ చెప్పాలి, అంతర్జాతీయ సంప్రదింపులు లేకుండా జవాబు పంపకూడదు. 2010లో దాన్ని సవరించారు. ఇది చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం.

మనమే ముందు పలకరించడం ప్రమాదం కాదా?

స్టీఫెన్ హాకింగ్ 2010లో ప్రమాదమనే అన్నారు. కొలంబస్ వచ్చాక అక్కడి జనానికి ఏమైందో చూడమన్నారు. 1974లో అరెసిబో నుంచి ఎం13 గుచ్ఛం వైపు మూడు నిమిషాలలోపే ఒక సందేశం పంపారు, 1,679 బిట్లు. ఆ అంకె 23, 73 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. బుద్ధి ఉన్నవాళ్లు దాన్ని 23 గళ్ల వెడల్పుతో పేర్చి చూస్తే బొమ్మ కనబడుతుందని ఆలోచన. భాష రాకపోయినా గణితం వస్తుందన్న నమ్మకం. అది చేరడానికి 25 వేల ఏళ్లు పడుతుంది, జవాబుకు ఇంకో 25 వేలు. దానివల్ల మనకు ప్రమాదం ఉందని నేననుకోను. దగ్గరి నక్షత్రాలకు పదే పదే పంపాలంటే మాత్రం ఏ ఒక్క బృందమో నిర్ణయించుకోకూడదు.

మా జీవితకాలంలో తేలుతుందా?

సూక్ష్మజీవుల సంగతి తేలొచ్చు. 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహం దగ్గరికి చేరి, మంచు కింద సముద్రం ఉందనుకునే యూరోపా ఉపగ్రహాన్ని పరిశీలిస్తుంది. ఆ నౌక జీవాన్ని వెతకదు, జీవానికి వీలుందా అని చూస్తుంది. నాగరికతతో సంభాషణ మాత్రం మన జీవితకాలంలో జరగదని నా అభిప్రాయం. ఒకవైపు నుంచి ఎవరిదో పాత సంకేతం వినబడే అవకాశం కొద్దిగా ఉంది. జవాబు పంపితే అది మన మనవళ్ల మనవళ్లకూ అందదు.

మా అబ్బాయికి ఈ పిచ్చి పట్టింది. హైదరాబాద్‌లో ఏం చేయించాలి?

ముందు నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానిటోరియం చూపించండి. డిగ్రీ తర్వాతైతే ఉస్మానియాలో ఖగోళశాస్త్ర విభాగం ఉంది. నిజామియా అబ్జర్వేటరీ వారసత్వం దానిది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన ఆ అబ్జర్వేటరీ, ఆకాశంలో తనకిచ్చిన భాగంలోని నక్షత్రాల స్థానాలను ఫొటో పలకల మీద కొలిచి, అంతర్జాతీయ పట్టికకు పంపింది. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ గట్టిగా చదవమనండి, ప్రోగ్రామింగ్ నేర్పించండి. ఇప్పుడు సంకేతాలు వెతికేది చెవులతో కాదు, కంప్యూటర్లతో.

టెలిస్కోపు అప్పుడే కొనకండి. 10×50 బైనాక్యులర్ చాలు. మే, జూన్ రాత్రుళ్లు నడినెత్తికి దగ్గరగా ఎం13 వెతకమనండి, మసక దూదిపింజలా ఉంటుంది.

మీతో రావడానికి ఫీజు ఎంత?

ఫీజేమీ లేదు. నీళ్లు, స్వెట్టరు, దోమల మందు తెచ్చుకోండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్ వెలుగు తగ్గించండి. వచ్చేటప్పుడు దయచేసి కారు హెడ్‌లైట్లు టెలిస్కోపుల వైపు వేయకండి. చీకటికి అలవాటు పడ్డ కళ్లు మళ్లీ సర్దుకోవడానికి అరగంట పడుతుంది, లైన్లో ఉన్నవాళ్లు ఊరుకోరు.